స్క్రూజ్ చేసిన తప్పేమిటి?

ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడంటే ఇంగ్లిష్ పాఠకుడికి ముందుగా గుర్తొచ్చేది ఎబెనీజర్ స్క్రూజ్. చార్లెస్ డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కారల్’ 1843 డిసెంబరు 19న లండన్‌లో వెలువడింది. తొలి ముద్రణ 6,000 ప్రతులు పండగ ముందురోజుకే చెల్లిపోయాయి. స్క్రూజ్‌కు అప్పుడు పడిన పిసినారి ముద్ర ఇప్పటికీ చెరగలేదు.

అతని తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లూ లేకపోలేదు. అమెరికన్ ఆర్థికవేత్త స్టీవెన్ లాండ్స్‌బర్గ్ 2004లో ఏకంగా లోభులను మెచ్చుకుంటూ వ్యాసం రాశాడు. లోభి వెలిగించని దీపం నూనె ఇంకొకరికి మిగులుతుంది, దాచిన సొమ్ము ఎవరికో అప్పుగా పుడుతుంది అంటారు ఈ వాదన చేసేవాళ్లు. వాదన తెలివైనదే. కాకపోతే పనుల్లేక కూలీలు వీధుల్లో తిరిగే రోజుల్లో, షావుకారు ఇల్లు కట్టడం మానేస్తే ఆ కూలీకి మరో ఇంటి పని దొరకదు, పస్తే మిగులుతుంది. ఇంగ్లండ్‌లో 1840లకు ఆకలి దశాబ్దమనే పేరుంది మరి.

జీతం సంగతి వేరు. గుమాస్తా బాబ్ క్రాచిట్‌కు వారానికి 15 షిల్లింగులు. అతని పెద్ద సంసారానికి చాలవు, నిజమే. కానీ ఆ పుస్తకం వెలే 5 షిల్లింగులు! తన కథ తాను కొనుక్కోవాలంటే బాబ్ వారం జీతంలో మూడోవంతు వదులుకోవాలి. ఇక క్రిస్మస్ సెలవంటారా, సణుగుతూనే అయినా జీతం కోయకుండా ఇచ్చాడు స్క్రూజ్.

అసలు అభియోగం విరాళం అడగడానికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చినప్పటిది. జైళ్లు లేవా, పేదలను ఉంచే వర్క్‌హౌస్‌లు లేవా, వాటికి నేను కడుతూనే ఉన్నానుగా అంటాడు. అక్కడికి పోవడంకన్నా చావే నయమనుకునేవాళ్లు చాలామంది ఉన్నారంటే, చావనివ్వండి, అదనపు జనాభా తగ్గుతుందంటాడు. ఈ మాట అతని సొంతం కాదు. 1798లో మాల్థస్ జనాభా గురించి రాసిన పుస్తకం నుంచి చదువుకున్నవాళ్ల నోళ్లలో నానుతున్నదే. 1834 నాటి పేదల చట్టం సాయం కోరినవాళ్లను వర్క్‌హౌస్‌లోకి నెట్టి, మొగుడూ పెళ్లాలనూ పిల్లలనూ అక్కడ విడదీసింది. తండ్రి అప్పు తీర్చలేక 1824లో మార్షల్సీ జైలుకు వెళ్తే, పన్నెండేళ్ల వయసులో బూట్‌పాలిష్ గిడ్డంగిలో పనిచేసిన డికెన్స్‌కు ఇవి వినికిడి సంగతులు కావు. ఆ చట్టం చేసింది పార్లమెంటు. ఆ పాపం మొత్తం కథలో ఒక్క ముసలాయన నెత్తికెక్కింది. చివర అతను మారి బాబ్ ఇంటికి టర్కీ కోడి పంపించినా, జీతం పెంచినా, వర్క్‌హౌస్ జోలికి కథ వెళ్లదు.

అలాగని నిర్దోషి అనలేం. కథలో అతణ్ణి మార్చడానికి వచ్చే ఆత్మల్లో ఒకటైన రాబోయే క్రిస్మస్ ఆత్మ, భవిష్యత్తులోని ఒక జంటను అతనికి చూపిస్తుంది. వాళ్లు స్క్రూజ్‌కు బాకీపడ్డవాళ్లు. అప్పులవాడు పోయాడని తెలిసి ఆ ఇల్లాలి మనసు తేలికపడుతుంది, వెంటనే తప్పనిపించి దేవుణ్ణి క్షమించమంటుంది. బాకీ రద్దు కాలేదు, ఇంకొకరి చేతికి పోతుందంతే. వచ్చేవాడు మరీ ఇంత కఠినుడై ఉండడన్నది వాళ్ల ధైర్యం. పొదుపు వాదంతో ఈ జంటకు జవాబు చెప్పడం కష్టం.