మా అమ్మాయి సైకాలజీ చదువుతానంటోంది!

నెల్లికుదురులో ఓ.పి. ముగించుకుని లేవబోతుంటే, తెలిసిన రైతు ఒకాయన ఇంటరు పూర్తిచేసిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరిలో ఎవరికీ జబ్బు లేదు.

"సారూ, మా బిడ్డ సైకాలజీ సదువుతనంటున్నది. పిచ్చోళ్ళ సదువు మనకెందుకని ఊళ్ళె అంటున్నరు. రోగులకు వైద్యం జేస్తదట, మెదడు మీద పరిశోధన జేస్తదట, కాలేజీల పాఠాలు గూడ జెప్తదట. రెండు పడవల మీద కాళ్ళు వెడితెనే మునుగుతరు, ఇది మూడంటున్నది. జర మీరన్న చెప్పుండ్రి."

ఇలాంటి సందేహం మీ ఇంట్లోనూ వచ్చి ఉండవచ్చు. అందుకే ఆ తండ్రికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా పొరపాటు ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇల్లాలు చేతులు పగిలి, ఒరుసుకుపోయి వచ్చేది. ఆయింట్‌మెంటు రాసిచ్చేవాణ్ణి. నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేది, మళ్ళీ అదే రాసిచ్చేవాణ్ణి. "రోజుకెన్నిసార్లు చేతులు కడుగుతావమ్మా?" అని ఏడాదిదాకా అడగలేదు. అడిగిన రోజున ఆమె భోరున ఏడ్చింది. గొళ్ళెం ముట్టుకున్నా, చిల్లర ముట్టుకున్నా ఏదో అంటుకుందని భయం. కడుక్కుంటేగాని ప్రాణం కుదుటపడదు. కడుక్కున్న నిమిషానికే మళ్ళీ అనుమానం. ఇంట్లోవాళ్ళు చాదస్తమన్నారు. నేను చర్మవ్యాధి అన్నాను. నిజానికి అది ఓ.సి.డి. అనే మానసిక వ్యాధి.

దీనికి మందులున్నాయి. మాటలతో, సాధనతో చేసే చికిత్స కూడా ఉంది. గొళ్ళెం ముట్టుకుని, వెంటనే కడుక్కోకుండా ఆగమంటారు. మొదట ఆదుర్దా పెరుగుతుంది. ఓపికపడితే దానంతటదే దిగుతుంది. రోగి ఒప్పుకున్నమేరకు, మెట్టుమెట్టుగా చేయించాలి. దీనికి ప్రత్యేకమైన శిక్షణ కావాలి.

"మాటలతో, సాధనతో మెదడు మారుతుందా?" అని అడుగుతారేమో. 1992లో అమెరికాలోని లాస్ ఏంజెలస్‌లో బాక్స్‌టర్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ ఓ.సి.డి. రోగుల మెదడును చికిత్సకు ముందూ తర్వాతా పెట్ స్కానింగ్‌తో పరీక్షించారు. కొందరికి మందు ఇచ్చారు, కొందరికి ఈ సాధన చేయించారు. గుణం కనిపించినవారిలో, మందు వాడినా సాధన చేసినా, మెదడు లోపల కాడేట్ అనే భాగంలో గ్లూకోజు వాడకం తగ్గింది!

చూశారా? చికిత్స గదిలో పుట్టిన ప్రశ్నకు పరిశోధన జవాబు వెతికింది. ఆ జవాబును విద్యార్థులకు అందించేది పాఠం. నా చదువురోజుల్లో ఇలాంటి రోగిని ఎదుట కూర్చోబెట్టి ఎవరైనా నేర్పి ఉంటే, ఆ ఇల్లాలికి ఏడాది బాధ తప్పేది. పనులు మూడయినా, వాటిని కలిపే దారం రోగి బాధే.

ఈ మూడూ ఒకే కప్పు కింద జరిగే చోటు మనకు మరీ దూరం కాదు. బెంగుళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ మొదలైంది. 1974లో దాన్నీ, అక్కడి మానసిక వైద్యశాలనూ కలిపి నిమ్హాన్స్‌గా ఏర్పరిచారు. అక్కడి క్లినికల్ సైకాలజీ శాఖలో అధ్యాపకులు రోగులను చూస్తారు, విద్యార్థులకు శిక్షణ ఇస్తారు, పరిశోధనలు చేస్తారు.

మరి దారి ఏమిటి? డిగ్రీలో సైకాలజీ, తర్వాత ఎం.ఏ. లేదా ఎం.ఎస్సీ. ఆపైన క్లినికల్ సైకాలజీలో, పెద్దల పర్యవేక్షణలో రోగులను చూస్తూ శిక్షణ. చాలాకాలంగా రెండేళ్ళ ఎం.ఫిల్. ఇందుకు వాకిలిగా ఉంటూ వచ్చింది. ఇప్పుడు కోర్సుల తీరు మారుతోంది కనుక, చేరేముందు భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోండి. పరిశోధనకు, పైతరగతుల బోధనకు పిహెచ్.డి. ఉపయోగపడుతుంది. అంతా కలిపి ఇంటరు తర్వాత సుమారు పదేళ్ళు. సైకాలజిస్టు మందులు రాయరు. అది ఎం.బి.బి.ఎస్. తర్వాత మానసిక వైద్యం చదివిన సైకియాట్రిస్టు పని.

ఆ అమ్మాయికి మూడు మాటలు చెప్పాను. మూడు పనులూ ఒకేసారి తలకెత్తుకోవద్దు. ముందు రోగి మాట వినడం నేర్చుకో, మిగతా రెండూ దాని వెంట వస్తాయి. పరిశోధన చేసేటప్పుడు రోగి అనుమతి లేనిదే అడుగు వేయకు. పాఠం చెప్పేటప్పుడు రోగి పేరూ ఊరూ బయటపెట్టకు.

పాఠకులకూ ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా పదేపదే కడుగుతున్నా, వేసిన తాళం మళ్ళీ మళ్ళీ చూస్తున్నా తిట్టకండి, ఎగతాళి చేయకండి. మానసిక వైద్యుడికి చూపించండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

అంతా విని, గుమ్మం దాకా వెళ్ళిన అమ్మాయి వెనక్కి తిరిగింది. "ఆమెకు తర్వాత నయమైందా సారూ?" అని అడిగింది.

వరంగల్ పంపించాననీ, చాలావరకు కుదుటపడి ఇల్లు చక్కదిద్దుకుందనీ చెప్పాను. తండ్రి వైపు తిరిగి, "ఈ ప్రశ్న అడిగిన పిల్లకు ఆ చదువు అబ్బుతుంది, చదివించు" అన్నాను.