చందనపు మాటున స్వామి

విశాఖపట్టణపు రేవునుండి బైలదిల్లా ఇనుప ఖనిజము 1960 దశకము మొదలుకొని ఏండ్ల తరబడి జపానుదేశపు ఉక్కు కొలుములకు పోయిన సంగతి పాఠకులకు తెలిసినదే. ఇనుము బేరమును గూర్చి ఇంత ఎరిగియు, ఆ దేశపు జనులు దైవసన్నిధికి ఎట్లు పోవుదురో మనము ఎరిగినది తక్కువ. వారి షింటో మందిరయాత్రను మన సింహాద్రియాత్ర ప్రక్కన నిలిపి చూచినచో రెండును కొంత తేటపడునని మా తలంపు.

షింటో దేవతలను ‘కామి’ అందురు. యాత్రికుడు మొదట ‘తోరీ’ అను ద్వారము చెంత తల వంచును. రెండు స్తంభములు, పైన అడ్డదూలములు, తలుపులు లేవు. పిమ్మట నీటితొట్టికడ గరిటెతో నీరు ముంచి ఎడమచేయి, కుడిచేయి, నోరు వరుసగా శుద్ధి చేసికొనును. మందిరము ముందర నాణెము వేసి, రెండుమార్లు వంగి, రెండుమార్లు చప్పట్లు చరచి, మౌనముగా ప్రార్థించి, మరల ఒకమారు వంగును. అంతటితో సరి. లోపల నున్నదానిని ఆతడు చూడడు. అది అద్దమో, ఖడ్గమో, రాయియో కావచ్చును. కామి అందు నెలకొనునని నమ్మకము. ఇసే మహామందిరమును ఇరువదేండ్లకొకమారు సరిక్రొత్తగా కట్టుదురు. 2013లో జరిగినది 62వ పర్యాయము. కట్టడము ఎన్నిమార్లు మారినను లోని అద్దము మాత్రము భక్తుల కంటబడదు. నారా ప్రాంతపు ఓమివా మందిరమునకు గర్భాలయమే లేదు. వెనుకనున్న మివా కొండయే దైవము. ఈ యాత్రకు వారి భాషలో ‘ఒమైరి’ అని పేరు. వినయముతో పోవుట అని భావము. చూచుట అను అర్థము అందు లేదు.

మనమో, ‘దర్శనము’ అందుము. అయినను సింహాచలమున వరాహ నరసింహస్వామి ఏడాది పొడుగునను చందనపు పూతలో లింగాకారముననే కనబడును. పుట్టమట్టిలో దొరకిన స్వామిని, ఆ మట్టికి బదులు చందనముతో కప్పుమని పురూరవునికి అశరీరవాణి పలికినదని స్థలపురాణము. (రేడియో గల ఇండ్లవారికి అశరీరవాణి వింత కాబోదు.) అక్షయతృతీయనాడు మాత్రము పూత ఒలిచి నిజరూపము చూపుదురు. ఆ రాత్రియే తొలివిడత చందనము సమర్పింతురు. తక్కిన మూడు విడతలు వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలనాడు.

ఆ ఒక్క దినమునకై జనము విరుచుకొనిపడుదురు. 2025 ఏప్రిల్ 30న తెల్లవారకమునుపు, పెద్దవానకు గోడ కూలి, వరుసలో నిలిచిన ఏడుగురు మరణించిరి. కట్టడపు దోషము కట్టడపు దోషమే. దానికి భక్తులను తప్పుపట్టుట అన్యాయము. కాని నిజరూపము చూడనిచో యాత్ర కొరవడినట్లే అని తలచుట మాత్రము సరికాదని మేమందుము. గంగధారలో మునిగి, కప్పస్తంభమును కౌగిలించి, చందనమూర్తికి మ్రొక్కి కొండ దిగు సామాన్యపు గురువారపు యాత్రికునికి తక్కువైనదేమి?

ఇందుకు గిరిప్రదక్షిణమును చూడుడు. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు లక్షలాది జనులు తొలిపావంచకడ కొబ్బరికాయ కొట్టి, పెక్కుమంది చెప్పులు లేకయే, నడక సాగింతురు. అడవివరము, హనుమంతవాక దాటి, అప్పూఘరు వద్ద సముద్రస్నానము చేసి, ఎన్.ఎ.డి. కూడలి, గోపాలపట్టణము మీదుగా కొండచుట్టు తిరిగి వత్తురు. దారి సుమారు 32 కిలోమీటర్లు. వీధివీధిని గృహస్థులు మజ్జిగయు, పులిహోరయు పంచుదురు. నడవలేనివారు కొండమీద ఆలయమునకే ప్రదక్షిణము చేయుదురు. రేయెల్ల నడచి చేరునప్పటికి పూర్ణిమ వచ్చును. స్వామికి నాలుగవ విడత చందనము పూయునది ఆనాడే. కాళ్లు బొబ్బలెక్కి వచ్చినవారికి ఆయన కనబడునది ఏడాది కెల్ల దట్టమైన పూతలోనే.