రెండు తీగల బండి

ట్రాము నడవడానికి తలపైన ఒక్క తీగ చాలు. తీగ నుంచి దిగిన విద్యుత్తు మోటారును తిప్పి, ఇనుప చక్రాల గుండా పట్టాల్లోకి చేరి, వచ్చిన చోటికే తిరిగి పోతుంది. పట్టాలు లేని రోడ్డు మీద ఆ తిరుగుదారి ఉండదు. అందుకే ట్రాలీబస్సుకు రెండు తీగలు కావాలి. బండి పక్కకు జరిగినా, గతుకుల్లో ఊగినా రెండింటితోనూ లంకె తెగకూడదు. తొలినాటి తయారీదారులను అన్నిటికన్నా ఎక్కువగా తిప్పలు పెట్టింది ఈ లంకే.

1882 ఏప్రిల్ 29న బెర్లిన్ శివారులోని హాలెన్‌జేలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ తన ‘ఎలెక్ట్రోమోటె’ను నడిపించాడు. గుర్రబ్బండి లాంటి చట్రానికి 2.2 కిలోవాట్ల మోటార్లు రెండు బిగించి, 550 వోల్టుల విద్యుత్తు అందించారు. తీగల మీద ఎనిమిది చక్రాల చిన్న తోపుడు బల్ల వంటిది దొర్లేది; కింది బండి దాన్ని కేబులుతో వెంట లాక్కుపోయేది. 540 మీటర్ల దారిలో సాగిన ఈ ప్రయోగం జూన్ 13తో ముగిసింది.

లాగితే తీగ మీది బల్ల కుదుపులకు గురవుతుంది. దానికి ఫ్రాన్సులో లూయీ లొంబార్-జెరాన్ చూపిన ఉపాయం ఆ బల్లకే చిన్న మోటారు పెట్టడం. అప్పుడది బస్సుకన్నా కొంచెం ముందే పరుగెత్తుతుంది, కేబులు బిగుసుకోదు. 1900 పారిస్ ప్రదర్శన సమయంలో ఈ బండ్లు నడిచాయి. చమత్కారమైన ఏర్పాటే, కానీ తల మీద మరో యంత్రాన్ని మోయడం తీగలకు భారం.

నిలిచిన పరిష్కారం మాక్స్ షీమన్‌ది. 1901 జూలై 10న జర్మనీలోని కోనిగ్‌స్టైన్ దగ్గర బీలా లోయలో ఆయన మార్గం మొదలైంది. బస్సు కప్పు మీది గడలను స్ప్రింగులు పైకి నెట్టి, తీగల అడుగు భాగానికి నొక్కి ఉంచేవి. తీగ మీద బరువు లేదు, జారిపడే బల్ల లేదు. ఆ మార్గం 1904లోనే మూతపడినా నేటి ట్రాలీబస్సుల్లోనూ కనిపించేది ఈ పద్ధతే.

ఆస్ట్రియాలో తయారైన సెడెస్-స్టోల్ బండ్లు మాత్రం తీగల మీది బల్లనే నమ్ముకున్నాయి. మోటార్లను వెనక చక్రాల కుండల్లోనే ఇమడ్చడం వాటి గొప్ప. అయితే ఒకే జత తీగల కింద రెండు బండ్లు ఎదురైతే డ్రైవర్లు ఆగి కేబుళ్లు మార్చుకోవాల్సి వచ్చేది. 1913లో ఇంగ్లండులోని కీలీ పట్టణం వీటిని కొంది. మరుసటేడు యుద్ధం రాగానే విడిభాగాల రాక ఆగిపోయింది.

కీలీకి రెండేళ్ల ముందే, 1911 జూన్‌లో లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్ నగరాలు బ్రిటన్‌లో తొలి ట్రాలీబస్సులను ప్రారంభించాయి. 1926లో గై మోటార్స్ వుల్వర్‌హాంప్టన్ కోసం ఆరు చక్రాల డబుల్ డెక్కర్ తయారుచేసింది. సోవియట్ యూనియన్‌లో యారొస్లావ్‌ల్ నగరపు చట్రానికి మాస్కో డైనమో కర్మాగారపు విద్యుత్ పరికరాలు కలిసి ఎల్‌కే-1 అయింది. 1933 నవంబరు 15న అది మాస్కో వీధుల్లో ప్రయాణికులను ఎక్కించుకుంది.