ఆ పేరు రోజూ వినపడాలి

కన్నబిడ్డ పోయిన ఇంట్లో ఆ పేరు పలకడానికి అందరూ జంకుతారు. అదే పేరు మీద నలుగురికి అన్నం పెడితే, చదువు చెప్పిస్తే, చూపు తెప్పిస్తే..?

అరసవల్లి సూర్యదేవాలయంలో ఆదివారం చీకటితోనే మొదలవుతుంది. శ్రీకాకుళం నుంచి ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతాయి. కంటిజబ్బు తగ్గాలని మొక్కుకున్నవాళ్ళు, మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఇంద్ర పుష్కరిణి వైపు నడుస్తారు. ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్దిరోజులపాటు ఈ సూర్యదేవుడి పాదాలను తొలికిరణాలు నేరుగా తాకుతాయి. ఆ కొద్ది నిమిషాల కోసం జనం విరగబడతారు.

అన్నదానానికి డబ్బు కట్టే చోట ఇంత సందడి ఉండదు. గోత్రం, పేరు, తేదీ అడిగి రసీదు రాస్తారు. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, పెద్దల తద్దినాలు గబగబా సాగిపోతాయి. ఎప్పుడో ఒకసారి మాత్రం, ‘మా గుంటడి పేరునండి’ అని ఆ తర్వాత మాట పెగలని తల్లో తండ్రో ఆ వరుసలో ఉంటారు.

తద్దినం లేని దుఃఖం

పెద్దలు పోతే ఏం చేయాలో మనకు తెలుసు. దశదినం, మాసికాలు, సంవత్సరీకం... దుఃఖానికి ఒక క్రమం ఉంది. పసిబిడ్డ పోతే ఆ క్రమం ఉండదు. చాలా కుటుంబాల్లో దహనం కూడా చేయరు, పూడ్చిపెడతారు. ఏటేటా తద్దినం పెట్టే ఆనవాయితీ లేదు. ఎదిగిన కొడుకు పోతే మరీ అన్యాయం. తనకు తలకొరివి పెట్టాల్సినవాడికి తండ్రే పెట్టాలి.

ఆపైన చుట్టూ మౌనం. చుట్టాలు మాట మార్చేస్తారు. తోబుట్టువులు కూడా ఆ పేరు ఎత్తరు. బాధపడతారని అందరూ ఊరుకుంటారు. ఆ ఊరుకోవడమే తల్లికి రెండో చావు.

ఈ లోటు పూడ్చుకోవడానికి మనవాళ్ళు పట్టుకున్న దారి దానం. శాశ్వత అన్నదానానికి కట్టిన సొమ్ము డిపాజిట్టుగా ఉంటుంది. దాని వడ్డీతో ఏటా కోరిన తేదీన వడ్డిస్తారు. చాలామంది తల్లిదండ్రులు బిడ్డ పోయిన రోజు కాక పుట్టినరోజు ఎంచుకుంటారు. అంత స్తోమత లేనివాళ్ళు ఊరి బడికి ఒక సీలింగు ఫ్యాను ఇస్తారు. దాని రెక్క మీద ఎర్ర పెయింటుతో ‘జ్ఞాపకార్థం’ అని, కింద ఒక పేరు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు కనపడదు, గాలి మాత్రం తగులుతుంది. కరెంటు పోయినప్పుడు పిల్లలు తలెత్తి చదువుకుంటారు.

కిరణం పేరున ఒక ఆసుపత్రి

1985 జూన్ 23 కూడా ఆదివారమే. కెనడా నుంచి లండన్ మీదుగా ఇండియా రావాల్సిన ఎయిరిండియా విమానం ‘కనిష్క’ ఐర్లండ్ తీరానికి దూరంగా, సముద్రంపైన బాంబు పేలి కూలిపోయింది. 329 మందిలో ఒక్కరూ మిగల్లేదు. చాలామంది దేహాలు కూడా దొరకలేదు. ఒట్టావాలో ఉద్యోగం చేస్తున్న డాక్టర్ సంకురాత్రి చంద్రశేఖర్ ఆ విమానంలో భార్య మంజరిని, ఆరేళ్ళ శ్రీకిరణ్‌ను, మూడేళ్ళ శారదను పోగొట్టుకున్నారు.

కొన్నేళ్ళకు ఉద్యోగం వదిలి కాకినాడ వచ్చేశారు. 1989లో మంజరి పేరున ఫౌండేషన్ పెట్టారు. 1992లో కూతురి పేరున శారదా విద్యాలయం వెలిసింది. అక్కడ ఫీజు లేదు. పుస్తకాలు, యూనిఫాం, భోజనం బడే ఇస్తుంది. మరుసటి ఏడు కొడుకు పేరున శ్రీకిరణ్ కంటి ఆసుపత్రి. పల్లెల్లో శిబిరాలు పెట్టి, శుక్లం ముదిరినవాళ్ళను బస్సులో తీసుకొచ్చి, ఆపరేషను చేసి మళ్ళీ ఇంటి దగ్గర దింపుతారు. అలా చూపు తెచ్చుకున్నవారిలో ఎక్కువమంది పైసా కట్టనివాళ్ళే. 2023లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో కళ్ళు మసకేసిన ముసలమ్మ ‘శ్రీకిరణ్‌కి వెళ్ళాలి’ అంటుంది. ఆ పేరు ఒక బాబుదని ఆమెకు తెలియాల్సిన పని లేదు. ఇంట్లో మూగబోయిన పేరు ఊరి నోట రోజువారీ మాటైపోయింది.

మన పిల్లలు చదవాలని కలలుగనే స్టాన్‌ఫర్డ్ కథా ఇదే. 1884లో పదిహేనేళ్ళ కొడుకు టైఫాయిడ్‌తో పోతే, ఆ తల్లిదండ్రులు కట్టిన విశ్వవిద్యాలయం అది. దాని అసలు పేరులో ఆ కొడుకును గుర్తుచేసే ‘జూనియర్’ అనే మాట ఇప్పటికీ ఉంది. పలికేవాళ్ళు తక్కువ.

ఆస్తి ఎంతన్నది లెక్క కాదు. విశ్వవిద్యాలయమైనా ఫ్యాను రెక్కైనా తల్లిదండ్రులు అడిగేది ఒకటే: మా బిడ్డ పేరు మేం పోయాక కూడా ఎవరో ఒకరి నోట ఆడాలి.

చాలా దేవస్థానాల్లో ఆనాటి అన్నదాతల పేర్లు బోర్డు మీద సుద్దముక్కతో రాస్తారు. ఆ బోర్డు ముందు నిలబడి, పేరులో దీర్ఘం సరిగా పడిందో లేదో చూసుకునే తల్లి ఉంటుంది. సాయంత్రానికి తడిగుడ్డతో తుడిచేస్తారు. ఆమెకు దిగులు లేదు. వచ్చే ఏడు అదే తేదీకి మళ్ళీ రాస్తారు.