ఫోటో చూపించి మాట్లాడించడం

మన పిల్లల్లో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. పుస్తకంలో బొమ్మ చూపించి "ఇదేమిటి?" అంటే "రోలు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. అదే వాళ్ళ అమ్మమ్మ గారింటి పెరట్లో రోలు ఫోటో తెప్పించి చూపించండి. అది ఎవరిది, అందులో ఏం రుబ్బేవారు, ఇప్పుడెందుకు వాడటం లేదు అని అడగొచ్చు. తెలియనిది ఇంటికెళ్ళి ఫోన్‌లో అడిగి వస్తారు. ఆ ఫోన్‌కాల్ తెలుగులోనే జరగాలి కదా!

కాబట్టి తరగతికి ఒక షేర్డ్ ఆల్బమ్ పెట్టుకోండి. వారానికి ఒక్క ఫోటో చాలు. ఆవకాయ పెడుతున్న ఫోటో ఒక్కటి దొరికితే గంట పాఠం అవుతుంది: ముక్కలు కొట్టడం, తుడవడం, ఆవపిండి కలపడం, జాడీకి వాసెన కట్టడం. ముందు ఏం చేశారు, ఇప్పుడేం చేస్తున్నారు, రేపేం చేస్తారు అని అడిగితే మూడు కాలాలూ వచ్చేస్తాయి.

ఫోటో కింద పేరు రాయకండి. ఒక ఇంట్లో సొరకాయ, ఇంకో ఇంట్లో ఆనపకాయ. ఒకరు గోంగూర అంటే ఇంకొకరు పుంటికూర అంటారు. ఎవరి మాట వాళ్ళని చెప్పనివ్వండి, అన్నీ బోర్డు మీద రాయండి. "మా నాన్నమ్మ మాట తప్పు" అని ఒక్కసారి అనిపించిందంటే ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదు.

ఇంటి ఫోటోలు దొరకనప్పుడు వికీమీడియా కామన్స్, ఫ్లికర్ ఉన్నాయి. బతుకమ్మ, గొబ్బెమ్మలు, తిరుగలి లాంటివి ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతికితే ఎక్కువ దొరుకుతాయి. ఫ్లికర్‌లో లైసెన్సు చూసి క్రియేటివ్ కామన్స్ ఉన్నవే తీసుకోండి. వర్క్‌షీట్‌లో వేస్తే ఫోటో తీసినవారి పేరు, లైసెన్సు కింద రాయాలి. గూగుల్‌లో కనిపించిన ప్రతి ఫోటో మనది కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. అమెరికాలో 13 ఏళ్ళలోపు పిల్లల వివరాలు ఆన్‌లైన్ సేవలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని కోపా చట్టం చెబుతుంది. అందుకని పిల్లల పేరు మీద ఖాతా తెరవకండి, ఫోటోలు మీ ఖాతా నుంచే పెట్టండి. ఫోన్‌తో తీసిన ఫోటోలో ఆ చోటు వివరం కూడా దాగి ఉండొచ్చు, ఆల్బమ్ సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి. లింకు ఎవరి చేతికి వెళితే వాళ్ళు ఆల్బమ్ చూడగలరు కనుక పెద్ద వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. వస్తువులు, వంటలు, ముగ్గులు, ఊరి వీధులు అయితే ఏ ఇబ్బందీ లేదు. పిల్లల ముఖాలున్నవి మాత్రం ఆ ఇంటివాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పెడదాం. వద్దన్నవారిని కారణం అడగక్కర్లేదు. ఏడాది చివర్లో టీచరు లింకు ఆపేసి ఆల్బమ్ తీసేస్తారు, కావలసినవి మే నెలలోపే దించుకోండి.