అప్పీలు వేసినంత మాత్రాన జప్తు ఆగదు

పంపుసెట్టు రుణం బాకీపడిన రైతు కావచ్చు, అరువిచ్చిన సరుకు పైకం కోసం దావా వేసిన ఎరువుల డీలరు కావచ్చు, తీర్పు తమకు వ్యతిరేకంగా వచ్చినప్పుడు “పై కోర్టులో చూసుకుందాం” అనుకొని ఇంటిముఖం పట్టడం పరిపాటి. పై కోర్టుకు వెళ్ళే హక్కు మీకున్నది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్ ఆ హక్కును కల్పించింది. అయితే దానికి గడువు, నియమాలు ఉన్నాయి. వాటిని ఎరుగనివారికి అప్పీలు విచారణలో ఉండగానే భూమి వేలానికి వచ్చే ప్రమాదమున్నది.

గడువు లెక్క

1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం జిల్లా కోర్టు వంటి కోర్టులలో 30 రోజులలో, హైకోర్టులో 90 రోజులలో అప్పీలు దాఖలు చేయాలి. తీర్పు నకలు తయారు కావడానికి పట్టిన రోజులు ఇందులో లెక్కకు రావు. కాని నకలుకు దరఖాస్తు చేయక ముందు మీరు ఊరకనే గడిపిన రోజులు మీ ఖాతాలోనే పడతాయి. జూన్ 1న తీర్పు వెలువడిందనుకోండి. 6న దరఖాస్తు చేయగా 20న నకలు సిద్ధమైతే ఆ 15 రోజులు మినహాయింపు. జూలై 1తో ముగియవలసిన గడువు 16 వరకు సాగుతుంది. గడువు దాటినచో తగిన కారణం చూపి కోర్టును ఒప్పించవలసి ఉంటుంది.

స్టే వేరు, అప్పీలు వేరు

అప్పీలు వేసినంతనే డిక్రీ అమలు నిలిచిపోదు. స్టే కోసం ప్రత్యేకంగా అర్జీ పెట్టుకోవాలి. పైకం చెల్లించవలసిన డిక్రీ అయితే వివాదంలో ఉన్న మొత్తాన్ని డిపాజిట్ చేయుమనిగాని, జామీను చూపుమనిగాని కోర్టు ఆదేశిస్తుంది. ఆ ఆదేశాన్ని పాటించనివారికి స్టే లభించదు. పైగా డిక్రీలో నిర్ణయించిన వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

రశీదులు మొదటి కోర్టులోనే

చెల్లించిన వాయిదాల రశీదులను దాచి ఉంచి, అప్పీలులో చూపుదామనుకోవడం పొరపాటు. అప్పీలు కోర్టు సాధారణంగా కొత్త సాక్ష్యం స్వీకరించదు. ఇక హైకోర్టులో రెండవ అప్పీలు, ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఇమిడి ఉంటేనే విచారణకు వస్తుంది. 25,000 రూపాయలకు మించని పైకం దావాలలో రెండవ అప్పీలే లేదు.

రాజీ మార్గం

అప్పీలు దశలోనూ లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చును. చెల్లించిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అయితే ఆ అవార్డుపై మరి అప్పీలు ఉండదు గనుక షరతులన్నీ చదివించుకొని, అర్థమైన పిమ్మటనే సంతకం చేయండి.

తీర్పు వెలువడిన నాడే నకలుకు దరఖాస్తు చేయండి. ఆ ఒక్క పని మీ భూమికి కాపు.