కాపా కాంక్రి: రసాయనికంగా విలక్షణమైన ఒక నీలి-తెలుపు నక్షత్రం

పరిచయం

నక్షత్రం నుండి వచ్చే కాంతిని వర్ణపటంగా విడదీసి, అందులోని శోషణ రేఖల ద్వారా ఆ నక్షత్రంలో ఏయే మూలకాలు ఉన్నాయో తెలుసుకోవచ్చని గత భాగంలో చదివారు. ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకుందాం. నక్షత్రం ఉపరితలంలో కనిపించే మూలకాల నిష్పత్తి, నక్షత్రం మొత్తంలో ఉండే నిష్పత్తి ఒకటేనా? చాలా నక్షత్రాల విషయంలో ఇంచుమించు అవునని అనుకోవచ్చు. కాని కొన్ని నక్షత్రాలలో అలా అనుకుంటే పూర్తిగా పొరబడతాం. అటువంటి ఒక నక్షత్రాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఆకాశంలో దాని స్థానం

కాపా కాంక్రి కర్కాటక రాశిలో ఉంది. మీరు నిజామాబాదు జిల్లా మెండోరలో ఉన్నారనుకోండి. మార్చి మూడో వారంలో, చంద్రుడు లేని రాత్రి, తొమ్మిదిన్నర ప్రాంతంలో ఊరి దీపాలకు దూరంగా పొలం గట్టుకు వెళ్లండి. మెండోర అక్షాంశం సుమారు 19 డిగ్రీల ఉత్తరం. ఈ నక్షత్రం ఖగోళ మధ్యరేఖకు సుమారు 10.7 డిగ్రీల ఉత్తరాన ఉంది. కాబట్టి అది నడినెత్తికి దక్షిణంగా 8 డిగ్రీల దూరంలోనే ఉంటుంది.

ముందుగా మఖ నక్షత్రాన్ని గుర్తించండి. చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మఖ నుండి పడమరగా పిడికిలిన్నర దూరం వెళితే కాపా కాంక్రి ఉండే చోటు వస్తుంది. దాని ప్రకాశ పరిమాణం 5.2. మామూలు కంటికి ఆనే హద్దు 6 కాబట్టి, మంచి చీకటిలోనే అది కనిపిస్తుంది. మఖ కంటే సుమారు 35 రెట్లు మసకగా ఉంటుంది. బైనాక్యులర్ ఉంటే సులువుగా దొరుకుతుంది.

మసకగా కనిపించేది నిజంగా మసకదేనా?

దీని దూరం సుమారు 550 కాంతి సంవత్సరాలు. నక్షత్రాలను పోల్చడానికి వాటన్నిటినీ 32.6 కాంతి సంవత్సరాల దూరంలో ఉంచినట్లు ఊహిస్తామని మీకు తెలుసు. ఈ నక్షత్రం దానికి 16.9 రెట్లు దూరంలో ఉంది. దూరం వర్గానికి విలోమానుపాతంలో కాంతి తగ్గుతుంది కనుక మనకు చేరే కాంతి సుమారు 285 రెట్లు తగ్గింది. పరిమాణంలో ఇది 6.1 తేడాకు సమానం. అందువల్ల,

నిరపేక్ష పరిమాణం = 5.2 − 6.1 = −0.9

సూర్యుని నిరపేక్ష పరిమాణం 4.8. తేడా 5.7. అంటే దృశ్య కాంతిలోనే ఇది సూర్యుని కంటే సుమారు 190 రెట్లు ప్రకాశవంతమైనది. కంటికి ఆనని అతినీలలోహిత కాంతిని కూడా కలిపితే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది.

ఉష్ణోగ్రత, తరగతి

దీని వర్ణపట తరగతి బి8, కాంతి తరగతి మూడు. మూడు అంటే మహా నక్షత్రం. ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 13,000 కెల్విన్లు. వీన్ నియమం ప్రకారం లెక్కిస్తే గరిష్ఠ వికిరణం 223 నానోమీటర్ల వద్ద, అంటే అతినీలలోహిత భాగంలో ఉంటుంది. సూర్యునికి ఈ విలువ సుమారు 500 నానోమీటర్లు. నక్షత్రం నీలి-తెలుపుగా కనిపించడానికి కారణం ఇదే.

రసాయనిక విలక్షణత

కాపా కాంక్రి పాదరసం-మాంగనీసు నక్షత్రాల వర్గానికి చెందినది. ఈ వర్గం నక్షత్రాల వర్ణపటంలో మాంగనీసు, పాదరసం రేఖలు అసాధారణంగా బలంగా ఉంటాయి. కొన్నింటిలో పాదరసం సూర్యునిలో కంటే లక్ష రెట్లకు పైగా ఉన్నట్లు తేలింది. హీలియం మాత్రం ఉండవలసిన దానికంటే తక్కువగా కనిపిస్తుంది.

ఈ వర్గాన్ని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. 1906లో లాకయర్, బాక్సెండాల్ ఆల్ఫా ఆండ్రోమెడే అనే నక్షత్రంలో వింత రేఖలను గమనించారు. వాటిలో ఎక్కువ భాగం మాంగనీసువని 1914లో బాక్సెండాల్ చెప్పాడు. 3984 ఆంగ్‌స్ట్రాముల వద్ద ఉన్న ఒక రేఖ మాత్రం చాలా కాలం అంతుపట్టలేదు. అది అయనీకరణం చెందిన పాదరసానిదని 1961లో బైడెల్మన్ గుర్తించాడు.

కారణం ఏమిటి?

ఈ నక్షత్రం పాదరసం ముద్ద అని మీరు అనుకోకూడదు. అంత పాదరసం దాని లోపల తయారు కాలేదు. ఉన్న కొద్దిపాటి పాదరసమే పైపొరలో పోగుపడింది. 1970లో జార్జ్ మిషో ప్రతిపాదించిన విసరణ సిద్ధాంతం దీనిని వివరిస్తుంది.

మన బోధన్ ప్రాంతంలో చెరకు రసం శుద్ధి చేయడం మీరు చూసి ఉంటారు. సున్నం కలిపి వేడి చేసిన రసాన్ని కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. గరిటెతో తిప్పుతూనే ఉంటే రెండూ విడిపోవు. నక్షత్రంలోనూ అంతే. వాయువు నిశ్చలంగా ఉంటేనే మూలకాలు విడివడతాయి.

అయితే పోలిక ఇక్కడితో ఆగుతుంది. రసంలో బరువైనది కిందికే పోతుంది. నక్షత్రంలో ప్రతి పరమాణువు మీద రెండు బలాలు పనిచేస్తాయి. గురుత్వాకర్షణ కిందికి లాగుతుంది. లోపలి నుండి వచ్చే కాంతిని శోషించినప్పుడు పరమాణువు పైకి నెట్టబడుతుంది. కాంతి అధికంగా ఉన్న తరంగదైర్ఘ్యాల వద్ద ఎక్కువ రేఖలున్న మాంగనీసు, పాదరసం వంటివి బరువైనా పైకి చేరతాయి. హీలియం తేలికే అయినా, అక్కడ తగినంత కాంతిని శోషించలేక కిందికి దిగుతుంది.

మరి అన్ని నక్షత్రాలలో ఇలా ఎందుకు జరగదు? సూర్యుని వంటి చల్లని నక్షత్రాల పైపొరలలో సంవహనం వాయువును కలుపుతూ ఉంటుంది. చాలా వేడి నక్షత్రాలలో బలమైన గాలులు పైపొరను ఊడ్చివేస్తాయి. వేగంగా తిరిగే నక్షత్రాలలోనూ వాయువు కలిసిపోతుంది. ఈ వర్గం నక్షత్రాలు నెమ్మదిగా తిరుగుతాయి, వాటి ఉష్ణోగ్రత సుమారు 10,000 నుండి 15,000 కెల్విన్ల మధ్య ఉంటుంది. వీటిలో చాలా వరకు జంట నక్షత్రాలే. కాపా కాంక్రి కూడా 6.4 రోజులకు ఒకసారి తన జంటతో పరిభ్రమణం పూర్తి చేస్తుంది. దగ్గరి జంటలలో వేలా బలాలు భ్రమణాన్ని మందగింపజేస్తాయి.

సారాంశం

వర్ణపటం నక్షత్రం పైపొర గురించి మాత్రమే చెబుతుంది. లోపలి సంఘటనను నిర్ణయించే ముందు ఆ పొర కలిసి ఉందా, విడివడి ఉందా అని పరిశీలించాలి. లేకపోతే నక్షత్రం పుట్టిన మేఘం గురించి కూడా తప్పు నిర్ణయానికి వస్తాం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. కాపా కాంక్రి మసకగా కనిపించడానికి కారణం దాని స్వభావమా, దూరమా? లెక్కతో చూపండి.
2. బరువైన పాదరసం పైపొరలో ఎందుకు పోగుపడుతుంది?
3. సూర్యునిలో ఇటువంటి విలక్షణత కనిపించకపోవడానికి కారణం రాయండి.